నట్టల మందు వేసినా గొర్రెపిల్లలు కోలుకోవడం లేదా?

పిల్ల మంద వెనక పడిపోతుంది, మేస్తూనే చిక్కిపోతుంది, సాయంత్రానికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. పెంటికలు మాత్రం గట్టిగానే ఉంటాయి. బెంగళూరు దగ్గర హోసకోటె, దేవనహళ్లి వైపు జీవాలు పెంచే మనవాళ్లు మోసపోయేది ఇక్కడే. పారుడు లేదు కాబట్టి నట్టలు కావని తేల్చేసి టానిక్కులు పోస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి? ముందు కింది కనురెప్ప వంచి చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే నాలుగో పొట్టలో హీమాంకస్ నట్టలు రక్తం తాగుతున్నాయని మొదట అనుమానించాలి. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మి.లీ. లాగుతుంది. 1000 నట్టలుంటే 50 మి.లీ. 10 కిలోల పిల్ల ఒంట్లో ఉన్న రక్తమే ముప్పావు లీటరుకు మించదు.

"మందు వేశాం సార్, తగ్గలేదు" అంటారా? ఏ మందు, ఎంత బరువుకు వేశారు? అసలు దొంగ ఇక్కడే దాక్కుంటాడు. ఆల్బెండజోల్ పనిచేయలేదని ఫెన్‌బెండజోల్ కొంటారు. సీసా మారింది, ధర మారింది, మందు జాతి మారలేదు. రెండూ ఒకే వర్గం. ఒకదానికి తట్టుకున్న నట్ట రెండోదానికీ సాధారణంగా తట్టుకుంటుంది. పైగా పిల్లలన్నీ 15 కిలోలే అనుకుని ఒకే మోతాదు పోస్తారు. 22 కిలోల పిల్లకు మూడో వంతు తగ్గినట్టే కదా! చావకుండా మిగిలినవే గుడ్లు పెడతాయి, మందలో మొండి నట్టలే పెరుగుతాయి.

కాబట్టి తూకం వేయండి. కుదరకపోతే గుంపులో బరువైన పిల్లను బట్టి మోతాదు లెక్కించండి. మందు నాలుక వెనక భాగంలో పోయండి. పోసే రోజు ఒకసారి, 10-14 రోజుల తర్వాత మరోసారి పెంట పరీక్ష చేయించండి. హెబ్బాళ్ పశువైద్య కళాశాలలో గానీ దగ్గరి పశువైద్యశాలలో గానీ అడగండి. గుడ్ల సంఖ్య 95 శాతమైనా తగ్గకపోతే ఆ వర్గాన్ని పక్కన పెట్టి, లెవామిసోల్ లేదా క్లోసాంటెల్ గురించి డాక్టరుతో మాట్లాడండి. లెవామిసోల్ మోతాదు మించితే ప్రమాదం, మళ్లీ తూకమే దిక్కు. చూడి గొర్రెలకు తొలి నెలలో ఆల్బెండజోల్ వద్దు.

సెప్టెంబరు, అక్టోబరు వానల్లో గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగు వారంలోపే గడ్డి మీదికి ఎక్కుతుంది. చెరువు గట్టు పచ్చికలో మంచు ఆరాకే మేపండి. రెప్పలు తెల్లబడిన పిల్లను మందతో దూరం తోలకండి, దారిలోనే కూలిపోవచ్చు.

రక్తపు పారుడుంటే పేగుల్లో చేరే కాక్సిడియా అనే సూక్ష్మజీవి కావచ్చు, దానికి నట్టల మందు పనికిరాదు. దవడ వాపు కార్జపు జలగలతోనూ వస్తుంది. పెంట పరీక్షలో అదీ చూడమనండి. మిగతావి అరుదు, డాక్టరుకు వదిలేయండి.