క్రాంక్ దగ్గర టక్ టక్ అంటోందా? బీబీ మార్చే ముందు పెడల్ ఊడదీసి చూడండి

నా సైకిల్ షాపుకి వారానికి ఒకరన్నా ఇదే మాట మీద వస్తారు, "అన్నా, తొక్కేటప్పుడు కింద టక్ టక్ అంటుండాది, బీబీ పోయింది, మార్చెయ్" అని. క్రాంక్ అంటే పెడల్‌ని మోసే చెయ్యి, బీబీ అంటే బాటమ్ బ్రాకెట్, ఆ క్రాంకులు తిరిగే ఆక్సిల్‌కి ఫ్రేమ్ కింద ఉండే బేరింగ్. బీబీ అని ఎవరు చెప్పారంటే వీడియోలో చూశానంటారు. పెడల్ ఊడదీసి, క్రాంక్‌లో అది బిగిసే బెజ్జం చూశావా అంటే మాత్రం జవాబుండదు. పది నిమిషాల పని, ఒక పానా, ఒక గుడ్డపేలిక చాలు, దానికి బద్ధకపడి వేల రూపాయలు వదిలించుకున్నోళ్ళని చాలామందిని చూశా, అందులో నేనే తప్పుగా వదిలించినవాళ్ళు కూడా ఉన్నారు, ఆ సంగతి కింద చెప్తా.

ఎడమ పెడల్‌ది ఉల్టా మర అని, అలెన్ కీ ఎట్టా పట్టుకోవాలో తెలుసని అనుకునే రాస్తున్నా.

శబ్దం ఎప్పుడొస్తోంది?

సీటు మీద కూర్చుంటే వచ్చి, లేచి తొక్కితే పోతే అది సీటు పోస్టు, క్రాంక్ జోలికే పోవద్దు. రెండు మూడు చుట్లకోసారి వస్తే చైన్‌లో ఏదో లింకు బిగుసుకుంది. చుట్టుకి ఒక్కసారి, అదీ ఒకే కాలు నొక్కేటప్పుడు, అదీ బలంగా తొక్కితేనే (బ్రిడ్జి ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో) వస్తోందంటే అప్పుడు క్రాంక్, పెడల్, బీబీ ఈ మూడిట్లో ఒకటి. చేత్తో తిప్పితే రాదు, బరువు పడితేనే వస్తుంది, అందుకే షాపులో స్టాండు మీద పెట్టి తిప్పి "ఏం లేదు సార్" అని పంపించేస్తారు.

ముందు బోల్టులు చూడండి

నలుచదరం ఆక్సిల్ ఉన్న మామూలు క్రాంక్ అయితే మధ్య బోల్టు, రెండు ముక్కల క్రాంక్ అయితే ఎడమ క్రాంక్ చేతికున్న రెండు చిన్న బోల్టులు. ఆ చిన్నవి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు (బిగింపు బలం కొలత), ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఒకటే పూర్తిగా బిగించి రెండోది తర్వాత బిగిస్తే ఎన్నాళ్ళకో మళ్ళీ లూజు.

నలుచదరం క్రాంక్ లూజుగా ఉండగానే "ఇంటిదాకా పోదాంలే" అని తొక్కారనుకోండి, ఆక్సిల్ దూరే ఆ అల్యూమినియం బెజ్జం గుండ్రంగా అరిగిపోతుంది. ఇక దాన్ని ఎంత బిగించినా రెండు రోజులే. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి రేకు దూర్చి బిగిస్తారు కొందరు, ఆ రేకులు నేను బో పీకా, లాభం లేదు, ఆ ఒక్క చెయ్యి మార్చుకోండి, పెద్ద ఖరీదు కూడా కాదు. పాత ఇనప సైకిళ్ళకి ఈ గొడవ వేరేగా ఉండేది, కాటర్ పిన్ (క్రాంక్‌ని ఆక్సిల్‌కి పట్టి ఉంచే ఇనప చీల) అరిగితే సుత్తితో రెండు దెబ్బలేసి పంపేవాళ్ళం, పాలక్యాన్లు మోసి మోసి క్రాంక్ వంగినా కొట్టి సరిచేసేవాళ్ళం. ఇనుము వంగి చెప్తుంది. అల్యూమినియం అట్టా చెప్పదు.

అసలు దొంగ: పెడల్ బెజ్జం దగ్గర పగులు

ఇక నేను దెబ్బతిన్న కథ. కోవూరు వైపు నుంచి ఒకాయన వచ్చేవాడు, ప్రతి ఆదివారం మైపాడు బీచి దాకా పోయొచ్చే మనిషి, బరువు ఎనభై అయిదు దాకా ఉంటుంది. టక్ టక్ అన్నాడు. బోల్టులు చూశా, బిగువుగానే ఉన్నాయి. బీబీ తిప్పితే కొంచెం గరగర ఉంది, ఇంకేం, దొరికిందనుకుని మార్చేశా. వారం శబ్దం తగ్గింది, మళ్ళీ మొదలైంది. పెడల్ బేరింగ్ అనుకుని పెడళ్ళు మార్చా. అప్పుడు పాత పెడల్ ఊడదీసి కొత్తది పెట్టేటప్పుడన్నా బెజ్జం చుట్టూ ఆ నల్ల జిడ్డు తుడిచి చూసుంటే సరిపోయేది. చూడలా. గ్రీజు రాశా, బిగించా, డబ్బులు తీసుకున్నా. మూడో ఆదివారం ఇందుకూరుపేట దాటాక లేచి తొక్కుతుంటే పెడల్‌తో సహా క్రాంక్ చివర ఊడొచ్చేసింది. అదృష్టం బాగుండి రోడ్డు పక్కన మట్టిలో పడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది అంతే. ఆ ముక్క చేతిలో పట్టుకుని షాపుకొచ్చి, "ఏందన్నా, బీబీ మారిస్తే పోతుందన్నావే" అన్నాడు. ఏం చెప్తాం, బీబీ డబ్బులు వెనక్కిచ్చా.

ఆ విరిగిన చోటు చూస్తే మొత్తం కథ కనిపిస్తుంది. సగానికి పైగా నల్లగా, జిడ్డు పట్టి, దాని మీద సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి, అల వెనక్కి పోయాక మైపాడు ఇసకలో మిగుల్తాయే, అచ్చం అట్టా. మిగతా భాగం మాత్రం వెండిలా తళతళ, గరుగ్గా. ఆ నల్ల భాగం ఎన్ని నెలలుగానో కొంచెం కొంచెంగా పగుల్తా వచ్చింది, తళతళలాడేది ఆ ఆదివారం ఒక్క తొక్కుడికి పోయింది. అంటే నేను బీబీ మార్చిన రోజే ఆ క్రాంక్ సగం చచ్చిపోయి ఉంది.

ఎందుకు అక్కడే పగుల్తుంది? పెడల్ ఆక్సిల్‌కి ఒక అంచు ఉంటుంది కదా, అది క్రాంక్ మొహానికి ఆనుకుని కూర్చోవాలి. తొక్కిన ప్రతిసారీ ఆ అంచు అల్యూమినియాన్ని ఒక పక్క నొక్కుతుంది, పెడల్ సరిగ్గా బిగించకపోతే అక్కడే సన్నగా కదిలి రాపిడి, ఆ రాపిడికి గుంట, ఆ గుంటలోంచి పగులు. ఇనుముకి ఒక హద్దుంది, దాని లోపల బరువు పడితే ఎన్ని లక్షలసార్లయినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న బరువే అయినా లెక్క రాసుకుంటానే ఉంటుంది. పైగా పగులు మొదలయ్యేది సరిగ్గా ఆ అంచు కింద, అంటే పెడల్ ఊడదీస్తే తప్ప కనపడదు.

చూసే పద్ధతి: పెడల్ ఊడదీయండి, డీజిల్‌తో బెజ్జం చుట్టూ జిడ్డంతా కడగండి, వెలుతురులో పక్క నుంచి చూడండి. అంచు నొక్కిన గుండ్రటి ముద్ర ఉంటుంది, అది మామూలే. ఆ ముద్రలోంచి బయటికి పాకే గీత ఉంటే గోటితో గీకండి, గోరు తట్టుకుంటే అనుమానమే. ఇంకా అనుమానం తీరకపోతే పాత చిట్కా ఉంది: కిరసనాయిలో పల్చటి నూనో రాసి పది నిమిషాలు వదిలేసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దండి. పగులుంటే లోపలికి పోయిన నూనె సుద్దలోకి ఊరి నల్లటి వెంట్రుకలాగా పైకి తేల్తుంది. బూటు రాసుకున్న గీతలు అట్టా తేలవు.

పగులు ఖాయమైతే మందు లేదు, క్రాంక్ తీసి పక్కన పడేయండి. ఆర్గాన్ వెల్డింగ్ పెట్టిస్తానంటారు, పెట్టించారు కూడా, ఆ వేడికి చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తబడి ఈసారి పక్కన విరుగుతుంది. పగులు లేకపోతే మరకి గ్రీజు రాసి, పెడల్‌ని 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు బిగించండి. ఆ లెక్క అర్థం కాకపోతే, 30 సెంటీమీటర్ల పానా చివర 26 కిలోల బియ్యం బస్తాలో సగం వేలాడదీసినంత బలం. చేత్తో తిప్పి "చాల్లే, తొక్కితే అదే బిగుసుకుంటది" అనుకునే పిలకాయల సైకిళ్ళకే ఇదంతా వచ్చేది.

కార్బన్ అయితే?

కార్బన్ ఫైబర్ క్రాంక్ పగలదని కాదు, దాని చావు వేరు. కార్బన్‌లోనే మర కొయ్యరు, అల్యూమినియం గుబ్బ ఒకటి జిగురుతో లోపల కూర్చోబెట్టి దానికి మర కోస్తారు. మన దగ్గర సమస్య ఈ గుబ్బే. కార్బన్, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీళ్ళు, మూడూ కలిస్తే బ్యాటరీ సెల్లు లెక్క, అందులో కరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. రెండూ తగలకుండా ఉండాలని మధ్యలో గాజుపీచు పొర వేస్తారు, వెయ్యనివీ ఉంటాయి, వేసినా అంచుల దగ్గర వదిలేసినవీ ఉంటాయి. సముద్రపు గాలి, రొయ్యల గుంటల పక్కన రోడ్డు మీద నీళ్ళు, పైనుంచి కారే చెమట, నెల్లూరులో ఈ మూడూ ఫ్రీ. గుబ్బ చుట్టూ తెల్లటి పొడి కనిపించిందంటే లోపల పని మొదలైందని లెక్క.

లక్షణం మాత్రం అచ్చం పెడల్ బేరింగ్ పోయినట్టే ఉంటుంది, అందుకే పెడళ్ళు మారుస్తారు. నేను చేసేది ఇది: గుబ్బ అంచు మీద నుంచి కార్బన్ మీదకి ఒకే గీతగా గోళ్ళరంగు పూస్తా (మా ఇంటావిడ తిడుతుంది). వారం తొక్కి రమ్మంటా. గీత మధ్యలో తెగి రెండు ముక్కలూ పక్కకి జరిగితే గుబ్బ తిరుగుతోంది. అంతే, ఆ క్రాంక్ అయిపోయింది. ఎం-సీల్ కూరడాలు, ఎపాక్సీ పొయ్యడాలు వద్దు, నిలబడి తొక్కే మనిషి బరువు ఆ జిగురు మొయ్యదు.

రాయికి గుద్దుకున్న కార్బన్‌ని రూపాయి బిళ్ళతో తట్టి చూడండి, ఖణేల్‌మంటే సరే, ఒక చోట మొద్దుగా డబ్ అంటే పొరలు విడిపోయుండొచ్చు, ఎడమ కుడి పోల్చి వినండి. కార్బన్ క్రాంక్‌తో పెడల్ వాషర్ ఇచ్చుంటే అది పారేయద్దు, అంచు నేరుగా నొక్కకుండా కాపాడేది అదే. తీరం వైపు పోయొచ్చాక మంచినీళ్ళతో కడిగి తుడవండి, ఏడాదికోసారి పెడల్ తీసి మళ్ళీ గ్రీజు.

అల్యూమినియంలోనూ జిగురుతో అతికించినవి ఉన్నాయి. సైకిల్ భాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో 2023 సెప్టెంబరులో 11 స్పీడ్ రోడ్డు సైకిల్ క్రాంకులని తనిఖీకి వెనక్కి పిలిచింది, అల్టెగ్రా 6800, ఆర్8000, డ్యూరా-ఏస్ 9000, ఆర్9100, అన్నీ 2019 జూలైకి ముందు తయారైనవి. అమెరికాలోనే 6,80,000 దాకా, రెండు సగాలూ విడిపోయిన సంఘటనలు 4,519 అని అక్కడి ప్రకటనలో ఉంది. షిమానోదే 105 అనే మోడల్ అందులో లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఈ మోడళ్ళు కొంటుంటే క్రాంక్ లోపలి వైపు ఉన్న తయారీ అక్షరాలు చూసి, అతుకు పొడవునా గీత తెరుచుకుందేమో చూడండి.

ఇక మిగిలినవి: చైన్‌రింగ్ (ముందు పళ్ళచక్రం) బోల్టులు (బిగించండి, పోతుంది), బీబీ షెల్లు (బీబీ కూర్చునే గొట్టం) దగ్గర ఫ్రేమ్ పగులు, ఆక్సిల్ విరగడం. చివరి రెండూ నేను వేళ్ళ మీద లెక్కపెట్టేంత సార్లే చూశా, వాటి గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

పైవన్నీ చూసినా శబ్దం పోకపోతే అప్పుడు తీసుకురండి, బీబీ విప్పుదాం. ఆదివారం మాత్రం పొద్దున తొమ్మిదికి ముందు రావద్దు, నేనూ మైపాడు రోడ్లోనే ఉంటా.