ఈ క్రిస్మస్‌కి యేసు పుట్టుక గురించి నిమ్మళంగా ఆలోచించాలంటే ఎట్ల?

డిసెంబర్ వచ్చిందంటే మన కర్నూలు, కడప, అనంతపురం వైపు ప్రతి చర్చిలో సందడే, సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట క్యారల్స్, మిద్దె మీద స్టార్, పిల్లోళ్లకు కొత్త బట్టలు, నిప్పట్లు, ఓళిగలు, ఇవన్నీ ఉండాల్సిందే, పండగంటే అదే కదా. కానీ ఆ రాత్రి అసలు ఏం జరిగిందో కూర్చోని ఆలోచించేదానికి మాత్రం మనకు అరగంట దొరకదు. ఆ అరగంట ఎట్ల పెట్టుకోవాలో నాకు తెలిసినంత చెప్తా.

పండగ రోజే చేద్దాంలే అనుకోవద్దండి, వంటలు చుట్టాలతో ఆరోజు కుదిరే పని కాదు. వారం ముందే మొదలుపెట్టండి, తెల్లారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందు అయితే మంచిది, ఫోన్ వేరే రూమ్‌లో పెట్టేయండి.

బైబిల్లో చదవాల్సింది లూకా సువార్త 2వ అధ్యాయం, మత్తయి సువార్త 1, 2 అధ్యాయాలు. రెండూ ఒకే రోజు చదవొద్దు. మనం చర్చి డ్రామాల్లో అన్నీ కలిపి చూసి చూసి అదే మనసులో ఉండిపోతాది, కానీ గొర్రెల కాపరులు లూకాలోనే ఉంటారు, జ్ఞానులు మత్తయిలోనే ఉంటారు, ఆ జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు, వాళ్లు వచ్చింది కూడా ఇంటికని ఉంటాది. ఆవు, గాడిద రెండింట్లోనూ లేవు, పశువుల తొట్టి ఒక్కటే ఉంది. రాసినాయన దేని గురించి చెప్పినాడో, దేని గురించి చెప్పలేదో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, అప్పుడు తెలిసిన కథ కూడా కొత్తగా కనపడతాది.

నా మట్టుకు ఎక్కువసేపు ఆగాల్సింది ప్రయాణం దగ్గర. రోము చక్రవర్తి కైసరు ఔగుస్తు జనాభా లెక్క రాయించుకోమని ఆజ్ఞ ఇచ్చినాడు, యోసేపు గర్భిణి అయిన మరియమ్మను తీసుకొని నజరేతు నుంచి బేత్లెహేముకు పోయినాడు, అది 100 కిలోమీటర్లకు పైనే. ఎక్కడో రోములో కూర్చున్నాయన మాటకు ఇక్కడ నెలలు నిండిన ఆడమనిషి దారి పట్టాల్సి వచ్చింది. ఇది మనకు అర్థం కాని సంగతా? ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు లేకపోతే ఊర్లకు ఊర్లు ఖాళీ అయి గుంటూరు వైపు మిరపకాయలు కోసేదానికి పోతారు, అనంతపురం నుంచి బెంగళూరు పోతారు, చంకలో పిల్లోళ్లు, నెత్తిన మూటలు, పోయిన చోట ఏ పట్ట కిందో పడుకుంటారు. లూకా 2:7 చదివేటప్పుడు వాళ్లను కళ్ల ముందు పెట్టుకోండి. సత్రంలో చోటు లేదు అన్న మాట మీద ఒక పది నిమిషాలు కదలకుండా ఉండండి, అంతే, ప్రార్థన కూడా వెంటనే మొదలుపెట్టొద్దు.

ఇంకో రోజు మత్తయి 1లో ఉండే పేర్ల పట్టిక తీసుకోండి. అందరూ దాన్ని దాటేస్తారు, నాకైతే అది చాలా ఇష్టం. అందులో రూతు ఉంది. బేత్లెహేములో కరువొచ్చి నయోమి వాళ్లు మోయాబు దేశానికి పోతారు, అక్కడ భర్త, కొడుకులు చనిపోయి ఆమె తిరిగొస్తే కోడలు రూతు వెంట వస్తాది, వేరేవాళ్ల చేలల్లో పరిగె ఏరుకొని అత్తను సాకుతాది. శెనక్కాయ చేలల్లో పరిగె ఏరుకున్న అవ్వలు మన ఇండ్లల్లో ఎంతమంది లేరు! రూతు మునిమనవడే దావీదు రాజు, ఆ వంశంలోనే యేసు. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు, ఒక్క పూటలో అయిపోతాది.

కాపరుల గురించి ఆలోచించాలంటే నిజంగా ఒకరితో మాట్లాడండి. మన దగ్గర ఎరువు కోసం పొలాల్లో రాత్రిపూట మంద పెడతారు కదా, ఆ చలిలో వాళ్లు ఎట్ల మేలుకుంటారు, దేనికి భయపడతారు అని అడగండి. యేసు పుట్టినాడని దేవదూత మొదట చెప్పింది అట్లాంటోళ్లకే.

లూకా 2:24 కూడా వదలొద్దు. గుడిలో మరియమ్మ, యోసేపు అర్పించింది గువ్వలో, పావురపు పిల్లలో. గొర్రెపిల్లను తెచ్చే శక్తి లేనోళ్ల కోసం లేవీయకాండం 12లో ఇచ్చిన వెసులుబాటు అది. వాళ్లు ఎంత పేదోళ్లో లూకా ఆ ఒక్క మాటలో చెప్పేసినాడు.

పిల్లోళ్లు ఉంటే వాళ్లతో కొట్టం కట్టించండి. ఫ్రాన్సిస్ అనే సన్యాసి 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో నిజం ఎద్దు, గాడిద, గడ్డి పెట్టించి జనానికి ఆ రాత్రిని చూపించినాడు. మీరు థర్మకోల్ కొనకుండా జొన్న సొప్ప, మట్టి, గోనెపట్టతో కట్టండి, తొట్టిని 24 రాత్రి దాకా ఖాళీగా ఉంచండి. ఎందుకు ఖాళీగా ఉందని పిల్లోళ్లు అడుగుతారు, అప్పుడు మీ మాటల్లోనే చెప్పండి.

పండగ అయిపోయినాక మత్తయి 2 చివర మిగిలి ఉంటాది, హేరోదు రాజు బేత్లెహేములో రెండేండ్లలోపు మగపిల్లల్ని చంపించడం, యోసేపు రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకొని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు పోవడం. చాలా చర్చిల క్యాలెండర్‌లో డిసెంబర్ 28 ఆ పిల్లల జ్ఞాపకార్థం ఉంటాది, ఆరోజే చదవండి. చదివి, మీ వీధిలోంచి వలస పోయినోళ్లను పేరుపేరునా తలుచుకొని ప్రార్థన చేయండి, వాళ్ల అవ్వాతాతలూ పిల్లోళ్లూ ఇక్కడే ఉండిపోయింటే ఇంటికి పోయి పలకరించి, కేక్ ముక్కతో సరిపెట్టకుండా నెలకు సరిపడా బియ్యం, బ్యాళ్లు ఇచ్చి రండి.