కళ్ళద్దాల్లేని 3డీ స్క్రీన్‌లో చారలు, ఘోస్టింగ్: సమస్య - పరిష్కారం

బొమ్మ బాలేదనగానే చాలామంది ఘోస్టింగ్ (అంచుల పక్కన నీడలా రెండో బొమ్మ) తగ్గించే ఫిల్టర్ మీద పడతారు, కానీ అది ఆఖర్న చేసే పని. ఈ స్క్రీన్ల మీద సన్నటి లెన్సుల పొర ఉంటుంది, ఏ లెన్సు కింద ఏ సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్లో ఒకటి) పడిందనేదాన్ని బట్టే ఏ కంటికి ఏ వ్యూ (ఒక్కో కోణం నుంచి కనిపించే బొమ్మ) వెళ్తుందో తేలుతుంది, అక్కడ లెక్క తప్పితే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

సమస్య: 3డీ అసలు రావట్లేదు, అంతా రంగురంగుల గీతలు

బొమ్మలోని ఒక్కో పిక్సెల్ స్క్రీన్‌లోని ఒక్కో పిక్సెల్ మీద సరిగ్గా కూర్చోవట్లేదన్నమాట. స్కేలింగ్ 125%లో ఉందేమో, నేటివ్ రిజల్యూషన్ (ప్యానెల్ అసలు పిక్సెళ్ళ లెక్క) కాదేమో చూడండి, టీవీ ప్యానెల్ అయితే ఓవర్‌స్కాన్ (అంచులు కత్తిరించి బొమ్మని పెద్దది చేయడం), షార్ప్‌నెస్ ఆపేయండి. ఇవన్నీ బానే ఉంటే ఇంటర్లేస్ చేసిన (వ్యూలన్నిటినీ సబ్‌పిక్సెళ్ళ వారీగా ఒకే బొమ్మలో కలిపేసిన) బొమ్మని వీడియోగా సేవ్ చేశారేమో. 4:2:0 వీడియోలో 2×2 పిక్సెళ్ళకి కలిపి ఒకటే రంగు సమాచారం ఉంటుంది, ఇక్కడేమో ఒకే పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు వేరే వ్యూలవి కావచ్చు, అన్నీ కలిసిపోతాయి. వ్యూలని విడిగా దాచి, ప్లే చేసేటప్పుడే షేడర్‌లో (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) ఇంటర్లేస్ చేయండి. ఫోటో అయితే పీఎన్‌జీ చాలు.

సమస్య: స్క్రీన్‌లో ఒక పక్క 3డీ బాగుంది, ఇంకో పక్క చెడిపోయింది

ఇది క్యాలిబ్రేషన్ గొడవ, అంటే లెన్సుల కొలతలు సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా పడలేదు. మధ్య వ్యూ ఒక్కటి తెల్లగా, మిగతావి నల్లగా పెట్టి, కంపెనీ చెప్పిన దూరంలో ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసుకుని చూడండి. స్క్రీనంతా సమానంగా తెల్లగా ఉండాలి. దాదాపు నిలువు చారలొస్తే పిచ్ (లెన్సుకీ లెన్సుకీ మధ్య దూరం) తప్పు, అడ్డంగా వస్తే స్లాంట్ (లెన్సుల వాలు) తప్పు, ఏటవాలుగా వస్తే రెండూ చూడండి. చారలేం లేవు గానీ పక్కకి జరిగితేనే తెలుపు కనిపిస్తోందంటే ఆఫ్‌సెట్ (లెన్సుల పొర పక్కకి ఎంత జరిగి ఉందో ఆ విలువ) మార్చాలి. పిచ్‌ని చాలా చిన్న చిన్న స్టెప్పుల్లో జరుపుతూ పోతే చారలు వెడల్పై చివరికి మాయమవుతాయి. మరీ దగ్గరికెళ్ళినా ఇలాంటి చారలే వస్తాయి కాబట్టి నిలబడ్డ చోటు నుంచి కదలొద్దు. అదే మోడల్ కదా అని వేరే స్క్రీన్ విలువలు తెచ్చి పెడితే పనికిరాదు, లెన్సు అతికించడంలో ఒక్కోదానికి కాస్త తేడా ఉంటుంది.

సమస్య: అంచుల పక్కన నీడలా రెండో బొమ్మ

పక్క వ్యూ వెలుతురు కొంత ఇటు లీకవుతోంది. ఎంత లీకవుతోందో పై టెస్టుతోనే కొలిచి అంత ముందే తీసేయొచ్చు, కాకపోతే గామా (వెలుతురుని వంపు లెక్కలో దాచే పద్ధతి) విప్పి లీనియర్ విలువల్లో, అంటే అసలు వెలుతురు లెక్కలో తీయాలి, లేదంటే నీడ పోకపోగా కొత్త మరకలొస్తాయి. ఇంకో చిక్కు, నలుపులోంచి తీయడానికి ఏం మిగలదు, అందుకే నలుపుని కొంచెం పైకి లేపాలి, కాంట్రాస్ట్ ఆ మేరకి పోతుంది. నన్నడిగితే ముందు లోతు తగ్గించండి, ముఖ్యమైన వస్తువుని స్క్రీన్ తలం మీదికి తెచ్చేయండి, అక్కడ అన్ని వ్యూలూ ఒకటే కాబట్టి లీకైనా తెలీదు.

సమస్య: దగ్గరివి దూరంగా, దూరంవి దగ్గరగా

ఎక్కడ నిలబడినా అలాగే ఉంటే వ్యూల వరస తిరగబడింది, రివర్స్ చేయండి. కొన్ని చోట్లే అయితే మీ తల జోన్ (3డీ సరిగ్గా కనిపించే చోటు) అంచులో ఉంది. 2014లో వచ్చిన న్యూ నింటెండో 3డీఎస్ అనే చేతిలో పట్టుకునే గేమ్ మెషీన్‌లో కెమెరాతో మొహాన్ని ట్రాక్ చేసింది ఇందుకే.

సమస్య: చిన్న అక్షరాలు మసగ్గా ఉన్నాయి

4కే ప్యానెల్‌లో ఉన్నవి సుమారు 83 లక్షల పిక్సెళ్ళు, 8 వ్యూలకి పంచితే ఒక్కోదానికి 10 లక్షల చిల్లర. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు, ఫాంట్ పెంచి స్క్రీన్ తలం మీదే పెట్టండి.