తోటలో తెలియని కలుపు – మూడో పాఠం: పీకితే పెరిగేది

పోయిన పాఠంలో "పేరు తెలియకపోయినా సరే, మొలకగా ఉన్నప్పుడే పీకేయండి" అని రాశాను. అలా పీకిన చాలామందికి పది పదిహేను రోజుల్లో ఒకటి ఉన్నచోట మూడు నాలుగు లేచాయట. తప్పు మీది కాదు, నాదే. విత్తనం నుంచి మొలిచే కలుపుకి ఆ సలహా సరిపోతుంది. మీరు చెప్పిన గుర్తులన్నీ తుంగవి. అందుకే ఈసారి చెప్పాలనుకున్న వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపును పక్కన పెడుతున్నాను.

తుంగను గడ్డి అనుకోవడంతోనే చిక్కంతా మొదలవుతుంది. తుంగ గడ్డి జాతి కాదు. మొదలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగానో చదునుగానో తగులుతుంది. తుంగ మూడు అంచులతో వేలికి అడ్డుపడుతుంది. పైనుంచి చూస్తే ఆకులు మూడు దిక్కులకు విడిపోతాయి, గడ్డి ఆకులు రెండు పక్కలకే పోతాయి. గడ్డికి ఉండే కణుపులు దీని కాడకు ఉండవు. నేను మాత్రం వేళ్ళతో దొర్లించి చూస్తాను, గుర్తుపట్టడానికి అది చాలు.

పీకినప్పుడు తేలిగ్గా ఊడివస్తే సంబరపడకండి. తెగింది మెడ దగ్గర. కింద నల్లటి గడ్డలు, అవే తుంగముస్తలు, సన్నటి వేరులాంటి కాడతో గొలుసుగా ఉంటాయి. గొలుసు తెగనంతకాలం చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి. పారతో నరికితే విడిపడిన ప్రతి గడ్డా మొలకెత్తగలదు. తుంగ ఉన్న మడిని తిరగదున్నడం నాకు అస్సలు నచ్చనిది అందుకే. ప్లాస్టిక్ షీట్ పరిచినా దాన్ని పొడుచుకుని పైకి వస్తుంది.

కొద్దిగానే ఉంటే చుట్టూ అడుగు లోతు తవ్వి, మట్టితో సహా ఎత్తి, గడ్డలు ఏరండి. వాటిని ఎండలో పూర్తిగా ఎండబెట్టండి, ఎరువు గుంతలో మాత్రం వేయొద్దు. మడి నిండా ఉంటే ఐదారు ఆకులు రాకముందే తీసేస్తూ ఉండాలి. ఆకు లేకపోతే గడ్డకు కొత్త తిండి అందదు, ఉన్నది ఖర్చయి డస్సిపోతుంది. ఒక్కసారి పీకి ఊరుకోవడం వల్లే మనం ఓడిపోయాం. నీడ కూడా దానికి పడదు, పక్కన గుబురుగా పెరిగే మొక్కలు వేయండి.

పీకినా తిరిగి వచ్చేది తుంగ ఒక్కటే కాదు. గరికకు కణుపు ముక్క మిగిలినా చాలు, మళ్ళీ మొలుస్తుంది. గంగపాయలను పీకి అక్కడే పడేస్తే మళ్ళీ వేళ్ళు పోస్తుంది. కూరకని కోసేవాళ్ళు కాడ తుంచి చూడండి. పాలు కారితే అది గంగపాయల కాదు, తినకూడదు.

అభ్యాసం: రెండడుగుల చదరం గీసి, పదిహేను రోజులకోసారి మొలకలన్నీ తీసి, లెక్క తేదీతో రాయండి. మూడు నెలలు, ఒక్క విడత కూడా మానకుండా. వచ్చే పాఠం వయ్యారిభామ. దాన్ని ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, గ్లవ్స్ దగ్గర ఉంచుకోండి.