మీ కవితను ఇంకొకరి నోట వినండి

తిరుపతిలో మా ఇంటి మేడ మీద గదిలో నెలకు రెండు ఆదివారాలు తొమ్మిది మందిమి కూర్చుంటాం. అందరం ఏళ్ళ తరబడి రాస్తున్నవాళ్ళమే, పత్రికల్లో అచ్చయినవాళ్ళమే. కవిత మొదలుపెట్టడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రాసినదాన్ని తిరగరాయడం మాత్రం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం. మేం చేసే పద్ధతి మీకూ పనికొస్తుందని చెప్తున్నాను.

మొదటి నియమం, కవిత రాసినవాళ్ళు చదవకూడదు. దాన్ని అంతకుముందు చూడనివాళ్ళు, అప్పుడే చేతికందుకుని పైకి చదవాలి. కవి ఒక జిరాక్స్ కాపీ, పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి. చదివే గొంతు ఎక్కడ తడబడింది, ఏ పదాన్ని ఇంకో పదంగా చదివింది, ఎక్కడ ఊపిరి చాలక మధ్యలో ఆగింది, అక్కడల్లా గీత పెట్టుకోవాలి. మన కవిత మనం చదువుకుంటే కాగితం మీద లేనిదాన్ని కూడా గొంతుతో నింపేస్తాం. కవి సమ్మేళనాల్లో ఒక్కో పాదాన్ని రెండుసార్లు సాగదీసి చదివే అలవాటు మనకు ఉండనే ఉంది. చప్పట్లు గొంతుకు పడ్డాయో పాదానికి పడ్డాయో తెలియదు.

చదవడం అయ్యాక పావుగంట సేపు కవి మాట్లాడకూడదు. విన్నవాళ్ళు ‘బాగుంది’ అనకూడదు, ‘బాగాలేదు’ అనీ అనకూడదు. తమకు ఏం కనిపించిందో, ఏం వినిపించిందో అంతే చెప్పాలి. ఏమీ కనిపించకపోతే ఆ మాటే చెప్పాలి.

నా కవితే ఒకటి చూపిస్తాను. మా నాయన చిత్తూరు పక్కన మా ఊళ్ళో గానుగ కాడ బెల్లం వండేవాడు. ఆయన పోయిన ఏడాది రాసిన మొదటి ప్రతి ఇది:

నాన్న జ్ఞాపకాల పెనంలో
బాధల పాకం ఉడుకుతోంది
చెరకు గడలా నలిగిన నీ జీవితం
మాకు తీపిని పంచింది
ఓ నాన్నా! నీ త్యాగం మరువలేనిది...

రాసినప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. కానీ దాన్ని చదివిన మా గుంపులోని తమ్ముడు ఎక్కడా తడబడలేదు, నున్నగా జారిపోయాడు. విన్నవాళ్ళకు పెనం కనిపించలేదు, మనిషీ కనిపించలేదు. కాసేపటికి వాడే అడిగాడు: “అక్కా, పొయ్యి కాడ మీ నాయన ఏ పక్క నిలబడేవాడు?” నాకు తెలియలేదు. నలభై ఏళ్ళు ఆయన బిడ్డగా ఉండి, ఆ సంగతి చెప్పలేకపోయాను.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. “పొగొచ్చే పక్కనే నిలబడతా ఉండె. కుడిచేతి మీద ఎంటికలు ఉండేవే కాదు కదా, చూడలేదా నువ్వు?” అంది. ఇంకోటి కూడా చెప్పింది. ఆయన ఏ పండక్కీ పాయసం ముట్టేవాడు కాదట.

ఆరో ప్రతికి కవిత ఇలా వచ్చింది. పేరు ‘బెల్లం వండే మనిషి’.

పండగ పూట
పాయసం గిన్నె పక్కకు జరిపి
మా నాయన
మజ్జిగలో ఉప్పు కలుపుకుంటాడు

ఆ కుడిచేతి మీద
వెంట్రుకలు లేవు

మధ్యలో ఏం చేశానో చెప్తాను. ముందు ‘జ్ఞాపకాల పెనం’, ‘బాధల పాకం’ కొట్టేశాను. కనిపించని ఒకదానికి ‘ల’ తగిలించి కనిపించేదాని ముందు పెడితే తెలుగులో పోలిక ఊరికే తయారవుతుంది. ఆశల పందిరి, ఊహల పల్లకి, ఇవన్నీ ఆ అచ్చులో పోసినవే. మీ కవితలో అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. రెండు దాటితే ఒక్కటి ఉంచడానికి కూడా గట్టి కారణం కావాలి.

తర్వాత పాదాల చివరలు చూశాను. మన భాషలో క్రియ చివర వస్తుంది కాబట్టి, ఏమరుపాటుగా ఉంటే ప్రతి పాదమూ ‘ంది’, ‘ంది’ అని ఒకే చోట వాలుతుంది. అది ప్రాస కాదు. కొన్ని క్రియలు తీసేయండి, కొన్నింటిని ‘జరిపి’ లాగా అసమాపకం చేసి కింది పాదంలోకి నడిపించండి.

‘నాన్న’ పోయి ‘మా నాయన’ వచ్చాడు. మా ఇంట్లో అలాగే పిలిచేవాళ్ళం, కవితలోకి వచ్చేసరికి ఎందుకు మార్చానో ఇప్పటికీ అర్థం కాదు. ‘త్యాగం’ పాదం పోయింది. బెల్లం అనే మాట పేరులోకి వెళ్ళింది. పేరు ఆ పని చేస్తే కవితలో వివరించే బరువు ఉండదు. ఆశ్చర్యార్థకం, మూడు చుక్కలు అడగకుండానే తీసేయొచ్చు.

గంగజాతర మీద రాసిన ఒకాయన విషయంలో ఇంకో సంగతి తెలిసింది. జాతరలో మగవాళ్ళు ఆడవేషం వేసి గుడికి వెళ్తారు కదా, బయటి పాఠకులకు అర్థం కాదని ఆయన కింద నాలుగు ఫుట్‌నోట్లు పెట్టాడు. అవి తీసేయమన్నాం. “ఆ చీర ఎవరిది అన్నా?” అని అడిగాం. వాళ్ళ ఆవిడదట, కుచ్చిళ్ళు ఆమే కూర్చుని సర్దిందట. ఆ కుచ్చిళ్ళు కవితలోకి వచ్చాక ఫుట్‌నోట్ల అవసరమే పడలేదు.

ఇంట్లో ఒంటరిగా చేసుకోడానికి రెండు అభ్యాసాలు. ఛందస్సు వచ్చినవాళ్ళు వచన కవితను ఒక్కసారి ఆటవెలదిలోకి మార్చి చూడండి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. గణం సరిపోక మీరు వెతుక్కున్న మాటల్లో ఒకటో రెండో మొదటి మాటకన్నా మేలుగా ఉంటాయి. వాటిని తీసుకుని మళ్ళీ వచనంలోకి రండి, పద్యాన్ని వదిలేయండి.

రెండోది నాకు చాలా ఇష్టం. కవిత నోటికి వచ్చాక అలిపిరి మెట్లెక్కుతూ మనసులో చెప్పుకుంటాను. మొత్తం 3,550 మెట్లు, అందులో గాలిగోపురం దాకా ఎక్కడమే కష్టం. ఊపిరి ఎగపోస్తున్నప్పుడు జ్ఞాపకం ఏ పాదాన్ని జారవిడుస్తుందో గమనిస్తాను. రెండుసార్లు అదే పాదం జారితే దాన్ని అనుమానిస్తాను. కొట్టేస్తానని కాదు, కొత్తగా రాస్తాను.

ప్రతులు మాత్రం పారేయకండి. ఒక్కో దాని మీద తేదీ వేసి, ఒకే ఫైల్లో పెట్టండి. మా జాతర అన్న పోయిన నెల తన నాలుగో ప్రతిలో కొట్టేసిన ఒక పాదాన్ని తొమ్మిదో ప్రతిలో మళ్ళీ పైకి తెచ్చి, మొదటి పాదంగా పెట్టుకున్నాడు.