చీటీలో బ్రాండు పేరు రాయకండి

సంతకు వెళ్లేముందు రాసుకునే చీటీలో సరుకు పేరు మాత్రమే ఉండాలి. ‘బట్టల సబ్బు’ అని రాసుకుంటే అక్కడున్న రకాలన్నీ చూస్తాం. బ్రాండు పేరు రాసుకుంటే చెయ్యి నేరుగా దానిమీదికే పోతుంది, పక్కనున్నది కంటికి ఆనదు.

ఒకదాన్ని పదే పదే చూస్తే చాలు, దానిమీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయంట్స్ 1968లోనే ప్రయోగాలతో చూపించారు. ప్రకటనలకు ఆ మాత్రం పరిచయం చాలు. అంగడి గొడుగు మీదా, బోర్డు మీదా పెద్ద అక్షరాలతో కనిపించే పేరు చాలాసార్లు కంపెనీ ఇచ్చిన ప్రచారమే. అది అమ్మేవారు ఇస్తున్న భరోసా అనుకోవద్దు.

ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పండి. ముందువైపు ఉండేది బొమ్మ, అసలు సంగతంతా వెనకే: నికర బరువు, తేదీ, తయారీదారు చిరునామా. ఒకే సైజులో కనిపించే రెండు ప్యాకెట్లలో బరువు వేరుగా ఉండొచ్చు. అందుకే ప్యాకెట్ ధరలు కాదు, వంద గ్రాములకు ఎంత పడుతుందో పోల్చండి. పేరును కూడా అక్షరం అక్షరం చదవండి. నకిలీవాళ్లు రంగులన్నీ అలాగే ఉంచి ఒక్క అక్షరం మార్చేస్తారు!

కరెంటు వైరు లాంటి వాటిని చూసి నాణ్యత తేల్చలేం, అక్కడ నమ్మకమైన బ్రాండే కొనాలి. తాకి, వాసన చూసి తేల్చుకోగలిగిన వాటికి మాత్రం అమ్మేవారినే అడగండి: “మీ ఇంట్లో ఏది వాడతారండీ?”