పౌర్ణమి నాడు ఇంట్లోనే ఉపోసథం: ఉద్యోగం, సంసారం మధ్య ఎలా పాటించాలి?

పౌర్ణమి అనగానే తిరుపతి, చిత్తూరు వాళ్ళకు కొండ మీద గరుడసేవ గుర్తొస్తుంది, లేదంటే అరుణాచలం గిరి ప్రదక్షిణకు కిక్కిరిసి వెళ్ళే బస్సులు గుర్తొస్తాయి. అదే పౌర్ణమికి ఇంకో పాత ఆచారం ఉంది. బుద్ధుడి కాలం నుంచి సంసారులు పౌర్ణమికి, అమావాస్యకు, రెండు అష్టములకు ఒక పగలు, ఒక రాత్రి ఎనిమిది నియమాలు పెట్టుకొని గడిపేవాళ్ళు. దీన్ని ఉపోసథం అంటారు. ఈ రోజుల్లో అందరూ ఒకచోట చేరి ధర్మం వింటే బాగుంటుందని మగధ రాజు బింబిసారుడు బుద్ధుడికి విన్నవించాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉంది. శ్రీలంకలో ఇప్పటికీ ప్రతి పౌర్ణమీ ప్రభుత్వ సెలవే. ఆ రోజు జనం తెల్లబట్టలు కట్టుకొని విహారాలకు వెళ్తారు.

బౌద్ధం అంటే ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళ వ్యవహారం అని మనలో చాలామంది అనుకుంటారు. అమరావతి స్తూపం రాళ్ళ మీద చెక్కిన దాతల పేర్లు చూడండి. భిక్షువులు, భిక్షుణులతో పాటు గృహస్థులు, వర్తకులు ఉంటారు, ఒక చర్మకారుడు కూడా ఉంటాడు. పనీ పాటా చేసుకుంటూ ధర్మాన్ని నమ్ముకున్న మనుషులు వాళ్ళు. ఉపోసథం అలాంటివాళ్ళ కోసం పుట్టిన పద్ధతి. దీనికి మతం మారాల్సిన పని లేదు, సెలవు పెట్టాల్సిన పని కూడా లేదు.

1. రోజు ఎంచుకోండి, ఇంట్లో చెప్పండి

నెలకు నాలుగు రోజులు అని ముందే లెక్క వేసుకోవద్దు. పౌర్ణమి ఒక్కటి చాలు. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో పౌర్ణమి అని ఏ తేదీకి ఉంటే ఆ తేదీనే తీసుకోండి. తిథి ఎన్ని గంటలకు వస్తుంది, ఎన్నింటికి పోతుంది అని తల పట్టుకోవద్దు. మొదలుపెట్టడానికి వైశాఖ పౌర్ణమి మంచిది. బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, పరినిర్వాణం (దేహం విడవడం) మూడూ ఆ రోజే అని శ్రీలంక లాంటి థేరవాద దేశాల్లో, అంటే పాత బౌద్ధ సంప్రదాయం పాటించే దేశాల్లో జరుపుకుంటారు. ఆషాఢ పౌర్ణమి, అంటే మన గురు పౌర్ణమి, సారనాథ్‌లో బుద్ధుడు మొదటిసారి ధర్మం చెప్పిన రోజు.

ముందు రోజు రాత్రే ఇంట్లో చెప్పేయండి. చెప్పకపోతే సాయంత్రం కంచం ముందు గొడవ వస్తుంది. "రేపు రాత్రికి నాకు అన్నం వద్దమ్మా" అంటే ఏ తల్లైనా "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అనే అడుగుతుంది. పౌర్ణమికి ఒంటిపూట ఉంటున్నాను అని చెప్తే మన ఇళ్ళలో అందరికీ అర్థమవుతుంది. ఏకాదశికి, శనివారానికి ఒక్కపొద్దు ఉండే ఇళ్ళే కదా మనవి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ వ్రతం ఇంకొకరికి చాకిరీ కాకూడదు. "నాకు పదకొండుకే భోజనం కావాలి, వేరుగా వండు" అని భార్యకో, కోడలికో పురమాయించి తాను ధ్యానంలో కూర్చోవడం ధర్మం అనిపించుకోదు. మీ వంట మీరే వండుకోండి. లేదా పొద్దున అందరికీ వండిందే డబ్బాలో పెట్టుకొని వెళ్ళండి.

2. తెల్లవారుజామున నియమాలు తీసుకోండి

స్నానం చేసి, ఒకచోట కూర్చొని, చేతులు జోడించి బుద్ధుడిని, ధర్మాన్ని, సంఘాన్ని తలచుకోండి. విగ్రహం లేకపోయినా పర్వాలేదు. తర్వాత ఎనిమిది నియమాలు పైకి చదవండి.

ప్రాణం తీయను. ఇవ్వనిది తీసుకోను. ఈ రోజుకు బ్రహ్మచర్యం పాటిస్తాను. అబద్ధం ఆడను. మత్తు పదార్థాలు ముట్టను. మధ్యాహ్నం దాటాక భోజనం చేయను. ఆటపాటలు, వినోదాలు చూడను, పూలు, అత్తరు, నగలతో అలంకరించుకోను. ఎత్తైన, విలాసమైన పడక మీద పడుకోను.

పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో చెప్పాలనుకుంటే ఆరో నియమం ఇలా ఉంటుంది: వికాలభోజనా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి. తెలుగులో చెప్పినా సరిపోతుంది. ఇవి ఎవరో మన మీద విధించిన ఆజ్ఞలు కావు, మనంతట మనమే తీసుకునే శిక్షణ. మధ్యలో ఒకటి తప్పితే పాపం చుట్టుకుంటుందని భయపడకండి. తప్పిందని ఒప్పుకొని, అక్కడికక్కడే మళ్ళీ తీసుకోండి.

చదివేటప్పుడు మనసులో ఉండాల్సిన భావం ఒకటి సుత్తాల్లో, అంటే బుద్ధుడి ఉపదేశాల్లో చెప్పారు. అర్హంతులు, అంటే కోరికలను పూర్తిగా జయించినవాళ్ళు, బతికినంతకాలం ఇలాగే ఉంటారు, ఈ ఒక్క పగలూ రాత్రీ నేనూ వాళ్ళలాగే ఉంటాను అని. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. జన్మంతా మారిపోవాలని ఎవరూ అడగరు. మళ్ళీ తెల్లవారేదాకా ఉంటే చాలు.

మొదటి నియమానికి ఆ రాత్రే పరీక్ష వస్తుంది. దోమల బ్యాట్ పక్కన పెట్టి దోమతెర కట్టుకోండి. వంటింట్లో బొద్దింకల స్ప్రే ఆ రోజుకు వద్దు.

3. మధ్యాహ్నం లోపు భోజనం ముగించండి

మధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. తిరుపతిలో అది నవంబర్ మొదట్లో పన్నెండుకు కొన్ని నిమిషాల ముందే అవుతుంది, ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:27 అవుతుంది. క్యాలెండర్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం చూసి సరిగ్గా మధ్య వేళ లెక్క కట్టుకోవచ్చు. ఈ లెక్కలన్నీ ఎందుకనుకుంటే ఏడాది పొడవునా 11:45 కల్లా చెయ్యి కడిగేసుకోండి.

ఏం తినాలి అంటే మన ప్రాంతం వాళ్ళు అదృష్టవంతులు. రాగి సంగటి, పప్పు, ఊరుబిండి తిన్నవాళ్ళకు సాయంత్రం దాకా ఆకలి దగ్గరికి రాదు. చిత్రాన్నం ఒక్కటే తింటే మూడు గంటలకే కడుపు ఖాళీ అవుతుంది. రాత్రికి కూడా కలిపి ఇప్పుడే తినేద్దామని ఎక్కువ తినకండి. నిద్ర ముంచుకొస్తుంది, ధ్యానం సాగదు.

మధ్యాహ్నం దాటాక నీళ్ళు ఎన్నైనా తాగొచ్చు. పళ్ళ రసాలు కూడా తాగొచ్చు. భిక్షువులకు బుద్ధుడు అనుమతించిన ఎనిమిది పానీయాల పట్టికలో మొదటిది మామిడి రసం. చిత్తూరు జిల్లా వాళ్ళకు ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది! కాకపోతే పిప్పి లేకుండా గుడ్డలో వడకట్టాలి, పొయ్యి మీద కాచకూడదు. అందుకని ఫ్యాక్టరీలో వేడి చేసి డబ్బాలో నింపిన చిక్కటి గుజ్జు దీనికి పనికిరాదు. పండు తెచ్చి ఇంట్లోనే పిండుకోండి.

బెల్లం సంగతి ఇంకా బాగుంటుంది. వినయ పిటకంలో స్పష్టంగా ఉంది: జబ్బుపడిన భిక్షువుకు బెల్లం, జబ్బు లేనివాడికి బెల్లం నీళ్ళు. అంటే మనం శ్రీరామనవమికి చేసుకునే పానకం లాంటిదే. చిత్తూరు బెల్లం కొంచెం నీళ్ళలో కరిగించి, రెండు మిరియాలు దంచి వేసి, వడకట్టుకొని సాయంత్రం ఆరు గంటలప్పుడు ఒక గ్లాసు తాగండి. నీరసం రాదు. పాలు, మజ్జిగ మాత్రం థేరవాద పద్ధతిలో ఆహారం కిందికే వస్తాయి, కాబట్టి అవి మధ్యాహ్నం లోపే ముగించండి. టీ తాగకుండా తలనొప్పి వచ్చేవాళ్ళు పాలు లేని టీ తాగొచ్చు.

షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలకు పాలిచ్చే తల్లులు, బాగా పెద్దవాళ్ళు ఈ ఒక్క నియమం వదిలేయండి. షుగర్ ఉన్నవాళ్ళకు బెల్లం నీళ్ళు కూడా వద్దు. మిగతా ఏడూ పాటించండి. అందులో తక్కువతనం ఏమీ లేదు, ఒంటిని బాధపెట్టుకోవడం బుద్ధుడు చెప్పిన దారి కాదు.

4. నోటిని కాచుకోండి

నా అనుభవంలో ఎనిమిదింటిలో కష్టమైనది భోజనం కాదు, మాటకు సంబంధించిన నాలుగోది. అన్నం మానేసి ఆ ఆకలి చిరాకులో ఇంట్లో పిల్లల మీద అరిస్తే ఉపోసథం ఎక్కడుంది?

మంచి మాటకు బుద్ధుడు ఐదు గుర్తులు చెప్పాడు. సమయానికి చెప్పేది, నిజమైనది, మృదువైనది, మేలు కలిగించేది, మైత్రితో చెప్పేది. నోరు తెరిచే ముందు ఐదూ లెక్కపెట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని ఆ రోజుకు రెండే పెట్టుకోండి: ఇది నిజమేనా, దీనివల్ల ఎవరికైనా మేలుందా.

ఇప్పుడు మన ఊరి పనుల్లో పెట్టి చూడండి. ఫోన్ మోగితే "నేను బయట ఉన్నానని చెప్పు" అనడం ఆ రోజు కుదరదు. పూల దుకాణంలో నిన్నటి పూలను ఈ పొద్దున తెచ్చినవి అనడం కుదరదు. మామిడి మండీలో కాయ ఎప్పుడు కోశారని అడిగితే ఉన్నది చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, తిరుపతికి వచ్చే యాత్రికులు. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు, ఇక్కడి ధరలు తెలియవు. స్టేషన్ బయట దిగిన ముసలాయన "అలిపిరికి ఎంత?" అని అడిగితే ఆటో అన్న సరైన ధర చెప్పడం నాలుగో నియమం, రెండో నియమం రెండూ పాటించినట్టే. గది అద్దెకిచ్చేవాళ్ళకు, బొమ్మలు అమ్మేవాళ్ళకు, హోటల్ వాళ్ళకు ఇదే వర్తిస్తుంది. తెల్లవారుజామున గంట ధ్యానం చేసి, పదింటికి తెలియని మనిషిని మోసం చేస్తే ఆ గంట వృథా అని నేను నమ్ముతాను.

చాడీలు, వెటకారం, వాట్సాప్‌లో వచ్చినదాన్ని చూడకుండా పదిమందికి పంపడం కూడా మానుకోండి. ఆఫీసులో ఎవరి గురించైనా మాట మొదలైతే నీళ్ళ బాటిల్ పట్టుకొని లేచి వెళ్ళండి. ఎవరికీ నీతులు చెప్పక్కర్లేదు.

5. టీవీ, ఫోన్ తెరలు కట్టేయండి

సీరియల్, క్రికెట్, రీల్స్ ఏవీ వద్దు. పని ఫోన్లు వస్తే మాట్లాడండి. పూలు, సెంటు ఆ రోజుకు మానేస్తే చాలు, తాళి, మెట్టెలు తీయాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. ఇంట్లో మిగతావాళ్ళు టీవీ చూస్తుంటే కట్టేయమని గొడవ పడకండి, మీరు మేడ మీదికి వెళ్ళండి.

6. సాయంత్రం కూర్చోండి

ఏడు నుంచి తొమ్మిది వరకు కష్టకాలం. పక్కింటి తాలింపు వాసన వస్తుంది, వంటింట్లో దోసెల చప్పుడు వినిపిస్తుంది. మనసు రేపు పొద్దున టిఫిన్ ఏం చేయాలో ఆలోచిస్తుంది. సరిగ్గా దీని గురించే బుద్ధుడు శ్రావస్తి నగరంలో విశాఖ అనే గృహిణికి చెప్పాడు. పశువుల కాపరి సాయంత్రం ఆవులను యజమానులకు అప్పగించి, ఈ రోజు ఇవి ఇక్కడ మేశాయి, రేపు అక్కడ మేస్తాయి అని లెక్క వేసుకుంటాడట. అలాగే కొందరు ఉపోసథం ఉండి, ఈ రోజు ఇది తిన్నాను, రేపు అది తింటాను అనుకుంటూ రోజంతా గడిపేస్తారు. దానికి పెద్ద ఫలం ఉండదని ఆయన చెప్పాడు. పాడి ఉన్న మన పల్లెల్లో ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

కాబట్టి ఆకలి వేసినప్పుడు దాన్ని తిట్టకండి, దాచకండి. మేడ మీద చాప వేసుకొని కూర్చొని శ్వాసను గమనించండి. పొడుగ్గా పీలిస్తే పొడుగ్గా పీలుస్తున్నానని, పొట్టిగా పీలిస్తే పొట్టిగా అని తెలుసుకుంటూ ఉండడమే. శ్వాసను బిగపట్టొద్దు, ఇది ప్రాణాయామం కాదు. ఇరవై నిమిషాలు చాలు. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి, లేదా మేడ మీదే ఈ గోడ నుంచి ఆ గోడకు, అడుగు ఎత్తేది, పెట్టేది తెలుసుకుంటూ నెమ్మదిగా నడవండి. దోసె గుర్తొస్తే, గుర్తొచ్చిందని తెలుసుకొని మళ్ళీ శ్వాస దగ్గరికి రండి. కోరిక వచ్చి, కాసేపు పీడించి, మనం ఏమీ చేయకుండానే తగ్గిపోవడం ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలా పుస్తకాలు చదివినంత.

చివర ఐదు నిమిషాలు మైత్రి. ముందు మీకు, తర్వాత ఇంట్లోవాళ్ళకు, ఆ తర్వాత ఆ రోజు మీకు కోపం తెప్పించిన మనిషికి సుఖం కలగాలని కోరుకోండి. తర్వాత చాప మీదో, నేల మీద పలచటి పరుపు వేసుకొనో పడుకోండి. నేల మీద నుంచి లేవలేనివాళ్ళు మామూలు మంచం మీదే పడుకోండి.

7. మర్నాడు పొద్దున

తెల్లవారగానే ఎనిమిది నియమాలు ముగుస్తాయి. ప్రాణం తీయకపోవడం, దొంగిలించకపోవడం, పరస్త్రీ పరపురుష సంబంధాలకు దూరంగా ఉండడం, అబద్ధం ఆడకపోవడం, మత్తు ముట్టకపోవడం అనే పంచశీల మాత్రం మామూలు రోజులకు మిగులుతుంది. ఉపోసథం మర్నాడు భిక్షు సంఘానికి శక్తి కొద్దీ అన్నపానాలు ఇవ్వాలని ధమ్మిక సుత్తంలో ఉంది. దగ్గర్లో భిక్షువులు లేకపోతే రాత్రి మీరు తినని భోజనం ఖర్చు ఇంకొకరికి పెట్టండి. ఆసుపత్రుల బయట రోగుల కోసం పల్లెల నుంచి వచ్చి చెట్ల కింద పడుకునేవాళ్ళు ఉంటారు, నాలుగు ఇడ్లీ పొట్లాలు తీసుకెళ్ళండి. ఆ సుత్తంలో వెంటనే వచ్చే మాట తల్లిదండ్రులను ధర్మంగా పోషించమని, న్యాయమైన వ్యాపారం చేసుకోమని.

కొన్ని పౌర్ణములు గడిచాక, పదిమందితో కలిసి పాటించాలనిపిస్తే దగ్గర్లో రెండు చోట్లున్నాయి. చిత్తూరు వాళ్ళకు బెంగళూరు గాంధీనగర్‌లో ఆచార్య బుద్ధరక్షిత 1956లో స్థాపించిన మహాబోధి సొసైటీ, తిరుపతి వాళ్ళకు చెన్నై ఎగ్మోర్‌లోని మహాబోధి సొసైటీ. ధ్యానం పద్ధతిగా నేర్చుకోవాలంటే చెన్నై శివారు తిరుముడివాక్కంలోని ధమ్మసేతు విపశ్యన కేంద్రంలో పది రోజుల శిబిరాలు జరుగుతాయి. ఫీజు ఉండదు, ముందు శిబిరం పూర్తి చేసినవాళ్ళ దానాలతోనే నడుస్తుంది. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందే దరఖాస్తు చేసుకోవాలి.